అమెరికా మీద దాడి జరిగితే జపాన్ యుద్ధానికి రావాల్సిందేనా? ఒప్పందం, స్థావరాలు, 15 శాతం సుంకం మీద సందేహాలు

అనంత గ్రూప్స్ (అనంతపురం)

అందరికీ నమస్తే. గ్రూప్-1 మెయిన్స్ కోసం అంతర్జాతీయ సంబంధాలు చదువుతూ అమెరికా–జపాన్ దగ్గర ఆగిపోయినాను. జిరాక్స్ సెంటర్లలో దొరికే నోట్సులో "నాటో తరహా పరస్పర రక్షణ ఒప్పందం" అని ఒక్క వాక్యంతో తేల్చేసినారు. ఇంకో పుస్తకంలో జపాన్‌కు యుద్ధం చేసే హక్కే లేదని ఉంది. రెండూ ఎట్లా నిజమవుతాయి?

రెండోది డబ్బు సంగతి. అమెరికా సైన్యం జపాన్‌లో ఉంటే ఖర్చు అమెరికా పెట్టుకోవాలి కదా, జపాన్ ఎందుకు కడుతోంది? మూడోది, 2025లో రెండు దేశాల మధ్య కుదిరిన రాజీ: జపాన్ సరుకు మీద అమెరికా 15 శాతం సుంకం, అమెరికాలో జపాన్ 55,000 కోట్ల డాలర్ల పెట్టుబడి. అంత సొమ్ము జపాన్ నిజంగా ఊరికే ఇచ్చేస్తుందా? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. పేరాలు పెద్దవైనా పర్వాలేదు.

పెన్న గట్టు (కడప)

మొదటి దానికి నేను చెప్తాను. "పరస్పర" అనే మాట ఒప్పందం పేరులోనే ఉంది, అందుకే అందరూ అక్కడే బోల్తా పడతారు. పూర్తి పేరు పరస్పర సహకార, భద్రతా ఒప్పందం. 1960 జనవరి 19న వాషింగ్టన్‌లో సంతకాలయినాయి, జూన్ 23 నుంచి అమల్లోకి వచ్చింది. మొత్తం 10 అధికరణాలే. నోట్సులు పక్కన పెట్టి అసలు పాఠమే చదవండి, అరగంట కూడా పట్టదు.

5వ అధికరణంలో ఒక పదబంధం కింద గీత గీసుకోండి: "జపాన్ పరిపాలనలో ఉన్న భూభాగాలలో". ఆ హద్దు లోపల ఇద్దరిలో ఎవరి మీద సాయుధ దాడి జరిగినా రెండు దేశాలూ తమ తమ రాజ్యాంగ పద్ధతుల ప్రకారం కదలాలి. యొకోసుకా రేవులో ఉన్న అమెరికా యుద్ధనౌకను ఎవరైనా కొడితే జపాన్ కదలాల్సిందే. అదే దాడి పసిఫిక్‌లోని అమెరికా దీవి గువామ్ మీదో హవాయి మీదో జరిగితే ఈ ఒప్పందం కింద జపాన్‌కు ఏ బాధ్యతా లేదు. నాటోలో ఐరోపాలోగానీ ఉత్తర అమెరికాలోగానీ ఒక సభ్యదేశాన్ని కొడితే అందర్నీ కొట్టినట్టే. ఇక్కడ అట్లా కాదు.

మరి అమెరికాకు గిట్టుబాటు ఏముంది? 6వ అధికరణం ఉంది. జపాన్ భద్రతకే కాకుండా "దూర ప్రాచ్యంలో" శాంతి భద్రతల కోసం కూడా జపాన్ నేల మీద స్థావరాలు వాడుకునే హక్కు అమెరికాకు దొరికింది. కొరియా వైపు గానీ తైవాన్ వైపు గానీ పోవాలంటే కాలిఫోర్నియా నుంచి పసిఫిక్ దాటి రానక్కర లేదు. అంటే ఒకరు కాపలా ఇస్తారు, ఇంకొకరు జాగా ఇస్తారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే సరుకు కాదు. జవాబులో ఈ మాట సరిగా పడితే మిగతా తగాదాలన్నీ దీనికే వేలాడదీయొచ్చు.

1951 సెప్టెంబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కోలో కుదిరిన పాత భద్రతా ఒప్పందం ఇంకా ఏకపక్షం. స్థావరాలు ఉంచుకునే హక్కు అమెరికాకు ఉంది గానీ జపాన్‌ను కాపాడి తీరాలన్న మాట స్పష్టంగా లేదు. పైగా జపాన్ అడిగితే దేశం లోపల అల్లర్లు అణచడానికి కూడా అమెరికా సైన్యాన్ని దింపొచ్చని రాసుకున్నారు. దాన్ని సవరించింది ప్రధాని కిషి నొబుసుకె. పాతదానికన్నా మెరుగైన ఒప్పందమే తెచ్చినాడు. కానీ ప్రతిపక్ష సభ్యులను పోలీసులతో ఎత్తి బయట పెట్టించి దిగువ సభలో ఓటు వేయించడంతో టోక్యో వీధులు భగ్గుమన్నాయి. ఐసెన్‌హోవర్ పర్యటన రద్దయింది, కిషి దిగిపోయినాడు.

"ఒప్పందం గడువు ఎప్పటిదాకా?" అని బిట్టు అడిగితే తడబడొద్దు. 10వ అధికరణం ప్రకారం మొదటి పదేళ్లు దాటినాక ఎవరైనా ఏడాది ముందు నోటీసిచ్చి వైదొలగొచ్చు. 1970 నుంచి ఆ తలుపు తెరిచే ఉంది, ఎవరూ నోటీసు ఇవ్వలేదు. గడువంటూ లేదు.

ఇక యుద్ధ హక్కు. రాజ్యాంగం 9వ అధికరణం యుద్ధాన్ని త్యజించింది నిజమే. 2014 జులై 1న ప్రధాని అబే మంత్రివర్గం దాని అర్థాన్ని మార్చుకుంది, 2015 సెప్టెంబరులో చట్టాలు చేసినారు, 2016 మార్చి 29 నుంచి అమలు. సన్నిహిత దేశం మీద దాడి జరిగి, దానివల్ల జపాన్ ఉనికికే ముప్పు వచ్చి, వేరే దారి లేకపోతే, అవసరమైనంత మేరకే బలం వాడొచ్చు. కాబట్టి గువామ్ విషయంలో జపాన్ "రావాలి" అని రాస్తే తప్పు. షరతులు కలిస్తే "రావొచ్చు" అనేది సరైనది. ఒప్పందం వేరు, ఆ దేశపు సొంత చట్టం వేరు. నోట్సులన్నీ ఈ రెంటినీ కలిపి కూరొండేసినాయి.

అనంత గ్రూప్స్ (అనంతపురం)

అన్నా, మబ్బు విడిపోయినట్టుంది. మరి చైనా కూడా తనవేనంటున్న సెంకాకు దీవులు? అవి జపాన్‌వే అని అమెరికా ఒప్పుకున్నట్టేనా?

పెన్న గట్టు (కడప)

లేదు, మళ్లీ ఆ గీత గీసిన పదబంధం దగ్గరికే రండి. ఒప్పందం అడిగేది "ఎవరి సొత్తు" అని కాదు, "ఎవరి పరిపాలనలో ఉంది" అని. సెంకాకు ఎవరిదన్న తగవులో అమెరికా ఏ పక్షమూ తీసుకోదు. పరిపాలన జపాన్ చేతిలో ఉంది కాబట్టి 5వ అధికరణం వర్తిస్తుందంటుంది. 2014 ఏప్రిల్‌లో ఒబామా టోక్యోలోనే ఆ మాట బహిరంగంగా అన్నాడు. అందుకే చైనా కోస్ట్‌గార్డ్ ఓడలు ఆ నీళ్లలో మాటిమాటికీ తిరిగేది. అక్కడ మా పాలనే నడుస్తోందని చూపించగలిగితే ఒప్పందం పునాదే కదులుతుంది కదా. ఇదే కొలబద్దతో చూస్తే, రష్యా చేతిలో ఉన్న దక్షిణ కురిల్ దీవులకు 5వ అధికరణం వర్తించదు. అవి మావేనని జపాన్ ఎంత గట్టిగా అన్నా అంతే.

బురుజు నీడ (కర్నూలు)

ఖర్చు సంగతి నేనెత్తుకుంటా. ఇది పొలం ఇచ్చినోడే కౌలు కూడా కట్టినట్టుండే వ్యవహారం.

ఒప్పందంతో పాటే 1960లో సైన్యం హోదా మీద ఇంకో ఒప్పందం చేసుకున్నారు. దాని 24వ అధికరణం లెక్క తేలికే: జాగా జపాన్ చూపిస్తుంది, సైన్యాన్ని పోషించే ఖర్చు అమెరికాది. భూమి ప్రైవేటు వాళ్లదైతే వాళ్లకు అద్దె కట్టేది జపాన్ ప్రభుత్వమే. దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో ఇట్లాంటి భూమి చాలా ఉంది. 1970లలో యెన్ బలపడి, స్థావరాల్లో పనిచేసే జపానీయుల జీతాలు డాలర్లలో భారమైపోయినాయి. అప్పుడు 1978లో జపాన్ కొంత భరించడం మొదలుపెట్టింది. దాన్ని "ఒమొయియారి" బడ్జెట్ అన్నారు, సానుభూతితో ఇచ్చేది అని అర్థం. 24వ అధికరణం పరిధిలో ఇక కుదరక 1987 నుంచి దాని మీద "ప్రత్యేక చర్యల ఒప్పందం" పెట్టి, కొన్నేళ్లకొకసారి తిరగరాసుకుంటా వస్తాండారు.

ఇప్పుడు నడిచేది 2022 నుంచి 2026 ఆర్థిక సంవత్సరం దాకా, అంటే 2027 మార్చితో ముగుస్తుంది. అయిదేళ్లకు సుమారు 1.05 లక్షల కోట్ల యెన్లు, ఏడాదికి సగటున 21,100 కోట్ల యెన్లు. దీంట్లో ఉద్యోగుల జీతాలు, కరెంటు, నీళ్లు, గ్యాస్, శిక్షణను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే ఖర్చు ఉంటాయి. ఈసారి కొత్తగా శిక్షణ పరికరాల కొనుగోలు కలిపినారు. భూమి అద్దెలు, చుట్టుపక్కల ఇళ్లకు శబ్దం రాకుండా చేసే పనులు దీంట్లో రావు, అవి వేరే పద్దు. పేపర్లలో ఒకరు రాసిన అంకె ఇంకొకరి అంకెతో కలవదు. ఒకరు ఈ పద్దొక్కటే చూస్తారు, ఇంకొకరు అన్నీ కలుపుతారు. ఏ పద్దో చెప్పకుండా అంకె రాస్తే మార్కు పోతుంది.

స్థావరాల పటం ఒకటి వేసుకోండి: ఉత్తరాన మిసావా, టోక్యో పక్కన యొకోటా (అమెరికా దళాల ప్రధాన కార్యాలయం), దాని దక్షిణాన యొకోసుకా (ఏడో నౌకాదళం, విమానవాహక నౌక), పడమటన ఇవకుని, సాసెబో, ఇంకా కిందికి ఒకినావాలో కదేనా, ఫుతెన్మా. దేశ భూమిలో ఒకినావా 0.6 శాతం. అమెరికా మాత్రమే వాడుకునే స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం అక్కడే. గొడవంతా ఈ రెండంకెల మధ్య ఉంది.

ఫుతెన్మా కథ ఎందుకు తెగడం లేదో కొంచెం వివరంగా చూడాలి. 1995లో ముగ్గురు అమెరికా సైనికులు ఒక బాలిక మీద చేసిన అఘాయిత్యంతో ఒకినావా అట్టుడికిపోయింది. 1996లో, ఇళ్ల మధ్య ఇరుక్కున్న ఆ వైమానిక స్థావరాన్ని 5 నుంచి 7 ఏళ్లలో తిరిగిస్తామన్నారు. షరతు ఒకటే, ఒకినావాలోనే బదులు స్థావరం కట్టాలి. చోటు హెనొకో. అక్కడ సముద్రం పూడ్చి రన్‌వే వేయాలి. తీరా చూస్తే ఔరా అఖాతం అడుగున నేల మెత్తటి బంకమన్ను, కొన్నిచోట్ల నీటిమట్టం నుంచి 90 మీటర్ల లోతు దాకా అదే. దాన్ని గట్టిపరచాలంటే 70 వేలకు పైగా ఇసుక స్తంభాలు దించాలి. అడుసులో బోరు వేసినట్టు కాదు, ఒక్కో స్తంభం దించి నీరు పిండుకుంటూ పోవాలి. 2019 ఫిబ్రవరి ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవాళ్లలో 72 శాతం వద్దన్నారు. ఒకినావా గవర్నర్ తమాకి డిజైను మార్పుకు అనుమతి ఇవ్వకపోతే, 2023 డిసెంబరులో కేంద్రమే ఆయన బదులు సంతకం పెట్టుకుంది. ఫుతెన్మా ఇప్పటికీ అక్కడే ఉండాది.

ఇంకో ముల్లు నేర విచారణ. హోదా ఒప్పందం 17వ అధికరణం ప్రకారం సైనికుడు డ్యూటీలో చేసిన నేరాన్ని ముందు విచారించే హక్కు అమెరికాది, డ్యూటీలో లేనప్పటిది జపాన్‌ది. కానీ నిందితుడు స్థావరంలో అమెరికా చేతిలో ఉంటే, అభియోగం నమోదయ్యేదాకా జపాన్ పోలీసులకు అప్పగించక్కర్లేదు. 1995 తర్వాత హత్య, అత్యాచారం కేసుల్లో ముందే అప్పగించే విషయం "సానుకూలంగా పరిశీలిస్తాం" అన్నారు. ఒప్పందంలో మాత్రం ఒక్క అక్షరం మార్చలేదు.

గండికోట లోయ (కడప జిల్లా)

సుంకం లెక్క. ఇక్కడ చాలామంది కూడికలోనే తప్పుతున్నారు, అమెరికా ప్రభుత్వ కాగితమే ఒకసారి తప్పింది కాబట్టి మనల్ని ఏమీ అనలేరు.

ముందు రెండు చట్టాలు వేరు చేసుకోండి. కార్ల మీద సుంకం 1962 వాణిజ్య విస్తరణ చట్టం 232వ సెక్షన్ కింద, జాతీయ భద్రత పేరుతో వేసింది. మిగతా సరుకు మీద "ప్రతిగా" వేసిన సుంకం 1977 అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం కింద. పునాదులు వేరు కాబట్టి, 2026 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఈ రెండోదాన్ని కొట్టేసినా కార్ల సుంకం దానంతటది పోలేదు.

2025 ఏప్రిల్ 3న కార్ల మీద 25 శాతం పడింది. పాతది 2.5 ఉంది, కలిపి 27.5. జులైలో ట్రంప్ లేఖ, ఆగస్టు 1 నుంచి మిగతా సరుకు మీద కూడా 25 శాతం అని. జులై 22న రాజీ: కార్లకూ, ఈ మిగతా సరుకుకూ 15. ఐరోపా విషయంలో పాత సుంకం కలుపుకునే 15 అని ఉత్తర్వులో రాసినారు. జపాన్‌కు ఆ వాక్యం పడలేదు. ఆగస్టు 7 నుంచి పాతదాని మీద 15 ఎక్కింది. జపాన్ గొడ్డుమాంసానికి 26.4 ఉన్నది 41.4 అయింది. 7.5 ఉన్న బట్ట 22.5 అయింది. రాయబారం నడిపిన మంత్రి అకజావా ర్యోసే మళ్లీ వాషింగ్టన్ పరిగెత్తాల్సి వచ్చింది. సెప్టెంబరు 4 ఉత్తర్వుతో సరిచేసినారు, ఆగస్టు 7 నుంచే వర్తించేటట్టు. కార్లకు 15 మాత్రం సెప్టెంబరు 16 నుంచి.

సరిచేసినాక సూత్రం ఇది. పాత సుంకం 15 కన్నా తక్కువుంటే మొత్తం 15 అయ్యేదాకా కలుపుతారు. 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే కొత్తది సున్నా. కాబట్టి సుప్రీంకోర్టు తీర్పు దాకా బట్టకు 15, గొడ్డుమాంసానికి పాత 26.4 ఉండేది.

దానికి బదులుగా బియ్యం. జపాన్ ఏటా 7.7 లక్షల టన్నుల బియ్యం సుంకం లేకుండా తెచ్చుకునే కోటా ఉంది, అది దాటితే కిలోకు 341 యెన్లు. అమెరికా బియ్యం కొనుగోలు 75 శాతం పెంచుతామని ఒప్పుకున్నారు, అయితే అదే కోటా లోపల. గాదె పెద్దది కాలేదు, అందులో ఎవరి వాటా ఎంతన్నది మారింది. అమెరికాకు అమ్మకం పెరిగింది, జపాన్ రైతుకు కోటా పెరగలేదు. ఇద్దరూ ఇంటికెళ్లి గెలిచామని చెప్పుకోవచ్చు. ఇట్లాంటి వాక్యాలు రాయడంలో జపాన్ అధికారులు దిట్టలు.

ఇక 55,000 కోట్ల డాలర్లు. అదే సెప్టెంబరు 4న అకజావా, అమెరికా వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ అవగాహన పత్రం మీద సంతకాలు చేసినారు. గడువు 2029 జనవరి 19, అంటే ట్రంప్ పదవీకాలం చివరి రోజు ముందు దాకా. పని నడిచే తీరు: లుట్నిక్ అధ్యక్షతన పెట్టుబడి కమిటీ ప్రాజెక్టు సిఫారసు చేస్తుంది. దానికి ముందు రెండు దేశాలవాళ్లూ ఉండే సంప్రదింపుల కమిటీతో మాట్లాడాలి. ఎంపిక అధ్యక్షుడిది. తెలియజేసినాక 45 పనిదినాల్లో జపాన్ డాలర్లలో డబ్బు సమకూర్చాలి. కాదంటే సుంకం పెంచే హక్కు అమెరికా అట్టిపెట్టుకుంది. వచ్చే ఆదాయం ఒక నిర్ణీత మొత్తం రాబట్టుకునేదాకా చెరి సగం, ఆ తర్వాత 90 వంతులు అమెరికాకు, 10 జపాన్‌కు.

ఊరికే ఇచ్చేది కాదు. జపాన్ చెప్పేదాని ప్రకారం ఇది ప్రభుత్వ బ్యాంకు జేబీఐసీ ఇచ్చే వాటాలు, అప్పులు, బీమా సంస్థ నెక్సీ ఇచ్చే హామీలు అన్నీ కలిపిన గరిష్ఠ మొత్తం. వాటా పెట్టుబడి 1–2 శాతమే ఉంటుందని అకజావా అన్నాడు. లెక్క వేయండి: 55,000 కోట్లలో 1 శాతం 550 కోట్లు, 2 శాతం 1,100 కోట్లు. మిగతాది తిరిగి రావాల్సిన అప్పు, లేదా నష్టం వస్తేనే కదిలే హామీ. వైట్‌హౌస్ దీన్ని తాను చెప్పినచోట జపాన్ పెట్టే సొమ్ముగా ప్రకటించుకుంది. పత్రంలోనేమో దీనివల్ల చట్టబద్ధమైన హక్కులూ బాధ్యతలూ ఏవీ పుట్టవని కూడా రాసి ఉంది. జవాబులో "జపాన్ 55,000 కోట్లు చెల్లించింది" అని రాయొద్దు.

హంద్రీ వంక (కర్నూలు)

సుంకం చెప్పినారు గానీ దీనికి నలభై ఏళ్ల రిహార్సల్ ఉంది, అది లేకుండా జవాబు నిలబడదు. 1985 సెప్టెంబరు 22న న్యూయార్క్ ప్లాజా హోటల్లో అయిదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరును దించాలనుకున్నారు. అప్పుడు డాలరుకు 240 యెన్ల దాపు. 1987 ఆఖరుకు 120ల్లోకి వచ్చింది. అదే జపాన్‌ను ముంచేసింది.

గండికోట లోయ (కడప జిల్లా)

ముంచింది ప్లాజా ఒక్కటే అంటే ఒప్పుకోను. యెన్ పెరిగి ఎగుమతిదారులు లబోదిబోమంటే బ్యాంక్ ఆఫ్ జపాన్ 1986 జనవరిలో 5 శాతం ఉన్న వడ్డీని 1987 ఫిబ్రవరికి 2.5కి దించింది, 1989 మే దాకా అక్కడే ఉంచింది. చవక అప్పు భూములకూ షేర్లకూ పోయింది. 1989 డిసెంబరు 29న టోక్యో షేర్ల సూచీ నిక్కీ 38,915. 1990 ఆగస్టుకు వడ్డీ 6 శాతం, బుడగ పగిలింది. పశ్చిమ జర్మనీ కూడా ప్లాజాలో సంతకం పెట్టిందే, దాని కరెన్సీ కూడా పెరిగిందే, దానికి ఇంత బుడగ రాలేదు. మందు డోసు ఎక్కువైంది జపాన్ ఇంట్లో. ఇంకోటి, అమెరికా అనుకున్నది జరగలేదు. జపాన్‌తో దాని లోటు 1985లో 4,600 కోట్ల డాలర్లు, 1987లో 5,600 కోట్లు.

హంద్రీ వంక (కర్నూలు)

సరే, వడ్డీ విషయం ఒప్పుకుంటా. కానీ ఆ వడ్డీ దించమని ఒత్తిడి చేసినవాళ్లలో అమెరికా లేదనకండి. 1987 ఫిబ్రవరి కోత, డాలరు పతనాన్ని ఆపడానికి పారిస్‌లో చేసుకున్న లూవ్ర్ ఒప్పందంతో ముడిపడిందే.

అమెరికా పెట్టిన పరిమితి ఎట్లా తిరగబడుతుందో కార్లలో చూడాలి. 1981లో ఏడాదికి 16.8 లక్షల కార్లు మించి పంపబోమని జపాన్ "స్వచ్ఛందంగా" ఒప్పుకుంది. పరిమితి సంఖ్య మీద పెట్టినారు, విలువ మీద కాదు. ఒక్కో బండిలో ఎక్కువ లాభం రావాలంటే పెద్ద బండి పంపాలి. 1986లో హోండా అక్యూరా, 1989లో టొయోటా లెక్సస్, నిస్సాన్ ఇన్ఫినిటీ వచ్చినాయి. మిగతావి అక్కడే తయారు చేద్దామని హోండా 1982లో ఒహాయోలో కార్లు, నిస్సాన్ 1983లో టెనెసీలో ముందుగా పికప్ ట్రక్కులు తయారు చేయడం మొదలుపెట్టినాయి. చవక కార్లను ఆపబోయి అమెరికా కార్ల కేంద్రం డెట్రాయిట్ ఇంటి ముందుకే ఖరీదు కార్లను పిలుచుకున్నారు.

అనంత గ్రూప్స్ (అనంతపురం)

అందరికీ పెద్ద దండం. ఒక లెక్క సరిచూడండి. జపాన్‌లో తయారైన కారుకు పాతది 2.5, కొత్తది 15, మొత్తం 17.5 రాసుకున్నా. పికప్ ట్రక్కుకు కూడా అంతేనా? మన పెనుకొండ కియాకు కూడా ఇదే వర్తిస్తుందా?

గండికోట లోయ (కడప జిల్లా)

17.5 తప్పు. 2.5 ఆ 15 లోపలే ఉంది, కలిపేది 12.5.

కియా కొరియా కంపెనీ, జపాన్ లెక్కలో రాదు. కొరియాలో తయారైన కార్లకు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వల్ల ముందు సున్నా ఉండేది. 15కి వచ్చింది కూడా జపాన్ తర్వాతే, 2025 నవంబరు 1 నుంచి వర్తించేటట్టు. సుంకం చూసేది కంపెనీ ఏ దేశానిదని కాదు, బండి ఏ దేశంలో తయారైందని. పెనుకొండలో తయారైన బండి ఇండియా బండే.

పికప్‌కు 15 కాదు, 25. కోళ్ల పుణ్యం. 1960ల మొదట్లో ఐరోపా అమెరికా కోడిమాంసం మీద సుంకం వేసిందని, 1964 నుంచి అమెరికా తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోళ్ల తగవు ఎప్పుడో పోయింది, ట్రక్కు సుంకం పోలేదు. పాతది 15 దాటింది కాబట్టి పైన చెప్పిన సూత్రం ప్రకారం కొత్తది సున్నా, పాత 25 అట్లే ఉంటుంది. టొయోటా తన పెద్ద పికప్ టండ్రాను టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో తయారుచేసేది ఎందుకో ఇప్పుడు ఆ పక్కనే రాసుకోండి.